మారాల్సింది చిరునామా ఒక్కటే

డిస్కు నిండిపోయిందని కంప్యూటర్ చెప్పగానే చాలామంది చేసే పని ఒకటే. ఫొటోల ఫోల్డర్ మీద రైట్ క్లిక్, కట్. కొత్త డిస్కు తెరిచి, పేస్ట్. కాసేపు ఆ ఆకుపచ్చ గీత నిండటం చూసి, లేచి వేరే పనిలో పడటం. చాలాసార్లు ఏమీ కాదు. ఏమీ కానందువల్లే అదే సరైన పద్ధతి అన్న నమ్మకం కుదురుతుంది. కానీ ఏదైనా అయితే పోయేవి మళ్లీ తీసుకోలేని ఫొటోలు. వాటిలో ఉన్న మనుషులు కొందరు ఇప్పుడు లేరు. అందుకే ఈ విషయంలో నాకు పట్టింపు ఎక్కువ.

చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తాను. ఫొటోల లైబ్రరీని కొత్త ఫోల్డర్‌కి చేర్చే రోజున మారాల్సింది దాని చిరునామా, అంటే అది ఉండే చోటు, మాత్రమే. ఫైళ్ల పేర్లు మార్చొద్దు, ఫోల్డర్ల అమరిక మార్చొద్దు, డూప్లికేట్లు ఏరొద్దు, మసకగా వచ్చినవి తీసేయొద్దు, నెలలవారీగా ఉన్నవాటిని సంవత్సరాలవారీగా సర్దొద్దు. "ఎలాగూ కదుపుతున్నాం కదా, పనిలో పనిగా సర్దేద్దాం" అనిపించడం సహజం. ఇల్లు మారేటప్పుడు అలా చేసినా ఫర్వాలేదు, ఏ సామాను చేరిందో ఏది చేరలేదో కంటికి కనబడుతుంది. వేల ఫైళ్లలో ఒకటి తగ్గితే కంటికి ఆనదు. అక్కడ లెక్క ఒక్కటే ఆధారం.

ఆ లెక్క సంగతి చూద్దాం. పాత ఫోల్డర్‌లో 40,000 ఫైళ్లున్నాయి అనుకోండి. ఏదీ ముట్టుకోకుండా కాపీ చేస్తే కొత్త ఫోల్డర్‌లోనూ 40,000 ఉండాలి. 39,999 ఉన్నా ఏదో జరిగిందని వెంటనే తెలుస్తుంది, ఆ ఒక్కటీ ఏదో వెతికి పట్టుకోవచ్చు. అదే మధ్యలో డూప్లికేట్లు ఏరేసి, పేర్లు మార్చి, సర్ది పెడితే కొత్త చోట 36,512 కనిపిస్తాయి. తగ్గిన 3,488లో మీరు కావాలని తీసినవెన్ని, దారిలో జారిపోయినవెన్ని? ఎవరూ చెప్పలేరు. సర్దడం తప్పు కాదు. కాకపోతే సర్దుతూ కదిపితే, కదపడం సరిగ్గా జరిగిందో లేదో తేల్చుకునే దారి పోతుంది. రెండు వైపులా అచ్చంగా ఒకేలా ఉండాలి అన్నప్పుడే సరిచూడటం సాధ్యం. సర్దే పని ఆ తర్వాత ఎప్పుడైనా చేసుకోవచ్చు, తొందరేమీ లేదు.

అసలు కట్ చేసి పేస్ట్ చేస్తే లోపల ఏం జరుగుతుంది? ఒకే డిస్కులో ఒక ఫోల్డర్ నుంచి మరో ఫోల్డర్‌కి అయితే డేటా కదలనే కదలదు. ఆ ఫైలు ఫలానా ఫోల్డర్ కింద ఉంది అన్న నమోదు మారుతుంది, అంతే. అందుకే వంద జీబీ కూడా క్షణంలో కదిలినట్టు కనిపిస్తుంది. డిస్కు మారితే మాత్రం కథ వేరు. అప్పుడు కట్ అంటే నిజానికి కాపీ చేసి, ఆపై పాతదాన్ని చెరిపేయడం. మధ్యలో కేబుల్ కదిలినా, కరెంటు పోయినా కొన్ని ఇటు, కొన్ని అటు, ఒకటి సగంలో మిగులుతాయి. పైగా చెరిపింది ఎస్‌ఎస్‌డీ (చిప్‌లతో చేసిన కొత్త రకం డిస్కు) మీద అయితే ట్రిమ్ అనే ఏర్పాటు ఆ చోటును తొందరగానే ఖాళీ చేయించేస్తుంది, రికవరీ సాఫ్ట్‌వేర్‌కి తరచూ ఏమీ దొరకదు. పాత హార్డ్ డిస్కుల కాలంలో ఉన్న ఆ చివరి ఆశ ఇప్పుడు చాలా కంప్యూటర్లలో లేదు. కాబట్టి కట్ అన్న మాటే ఈ పనిలో వద్దు. కాపీ చేయాలి, సరిచూడాలి, కొన్నాళ్లు ఆగాలి, చెరపడం అన్నిటికన్నా ఆఖరు.

ఇంతవరకూ ఫైళ్ల గురించే మాట్లాడాను. లైబ్రరీ అంటే ఫైళ్లు మాత్రమే అయితే వ్యాసం ఇక్కడితో అయిపోయేది.

ఫొటోలకు మీరు స్టార్లు ఇచ్చి ఉంటారు, ఆల్బమ్‌లు కట్టి ఉంటారు, ముఖాలకు పేర్లు రాసి ఉంటారు, వెలుగు తక్కువైన చోట పెంచి ఉంటారు. ఇవన్నీ ఎక్కడుంటాయి? మీరు వాడే ఫొటో ప్రోగ్రామ్ దగ్గర. అది లైట్‌రూమ్ క్లాసిక్ అయితే క్యాటలాగ్ అనే ఫైలులో, డార్క్‌టేబుల్, డిజికామ్, షాట్‌వెల్ అయితే తమ తమ డేటాబేసుల్లో, అంటే ప్రోగ్రామ్ తన సమాచారం దాచుకునే ఫైళ్లలో. వీటిలో చాలావాటికి లోపల పనిచేసేది ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్. ఆ డేటాబేసులో ఫొటో ఉండదు, ఫొటో ఎక్కడుందో ఆ దారి ఉంటుంది, దాని పక్కన మీరు చేసిన పనంతా ఉంటుంది. లైట్‌రూమ్ లాంటివాటిలో మీరు చేసిన దిద్దుబాట్లు కూడా సూచనల రూపంలోనే ఉంటాయి, మూల ఫైలు జోలికి అవి వెళ్లవు. పాత ఉమ్మడి కుటుంబం ఫొటో ఒకటి స్కాన్ చేసి, మూడో వరసలో నిలబడ్డది ఎవరో ఇంట్లో పెద్దావిడను అడిగి పేర్లన్నీ రాసుకున్నారనుకోండి. ఆ పేర్లు డేటాబేసులోనే ఉండిపోతే, రేపు ఫొటో భద్రంగా ఉన్నా ఆ పేర్లు పోవచ్చు. అప్పుడు మళ్లీ అడగడానికి ఆవిడ ఉండకపోవచ్చు. నా దృష్టిలో అది ఫొటో పోవడం కన్నా చిన్న నష్టమేమీ కాదు.

ప్రోగ్రామ్‌కి చెప్పకుండా ఫోల్డర్ కదిపితే ఏమవుతుందంటే, డేటాబేసు పాత దారి పట్టుకుని వెళ్తుంది, అక్కడ ఏమీ ఉండదు. లైట్‌రూమ్‌లో ఫోల్డర్ పక్కన ప్రశ్నార్థకం, ఫొటో మీద ఆశ్చర్యార్థకం కనిపిస్తాయి. ఈ దశలో నిజానికి ఏమీ పోలేదు. ఫొటోలు కొత్త చోట ఉన్నాయి, మీ పనంతా డేటాబేసులో ఉంది, రెంటి మధ్య దారి మాత్రం తెగింది. అసలు నష్టం దీని తర్వాత కంగారులో చేసే పని వల్ల జరుగుతుంది. కనిపించని ఫొటోలను లైబ్రరీలోంచి తీసేసి, కొత్త ఫోల్డర్‌ని మళ్లీ ఇంపోర్ట్ చేస్తారు. ఫొటోలన్నీ కనబడతాయి, హమ్మయ్య అనుకుంటారు. స్టార్లు, ఆల్బమ్‌లు, దిద్దుబాట్లు మాత్రం తీసేసిన పాత నమోదులతో పాటే వెళ్లిపోయాయని చాలా రోజులకు గాని తెలియదు. ఈ ఒక్క విషయం గుర్తుంచుకున్నా చాలు: ప్రశ్నార్థకాలు కనబడితే తీసేయొద్దు, మళ్లీ ఇంపోర్ట్ చేయొద్దు. కొత్త చోటు చూపించండి.

చూపించడం తేలికే. లైట్‌రూమ్‌లో ఆ ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేస్తే కనిపించని ఫోల్డర్‌ని వెతికే ఎంపిక వస్తుంది. అన్నిటికన్నా పై ఫోల్డర్‌కి ఒక్కసారి కొత్త చోటు చూపిస్తే కింద ఉన్న వందల ఫోల్డర్లు వాటంతట అవే దారిలో పడతాయి. ఎందుకు పడతాయి? లోపలి అమరిక, పేర్లు పాతవాటిలాగే ఉన్నాయి కాబట్టి. మధ్యలో సర్దేసి ఉంటే ఒక్కొక్క ఫోల్డర్‌ని, ఒక్కోసారి ఒక్కొక్క ఫొటోని చేత్తో చూపించాల్సి వచ్చేది. సర్దొద్దు అని నేను అంత గట్టిగా చెప్పడానికి ఇది రెండో కారణం.

ప్రోగ్రామ్‌ని బట్టి తేడాలున్నాయి. డిజికామ్ ప్రతి ఫైలుకీ లోపలి డేటా నుంచి ఒక గుర్తు లెక్కగట్టి పెట్టుకుంటుంది, కాబట్టి కదిలిన ఫొటోను చాలాసార్లు తనే పోల్చుకుంటుంది. కలెక్షన్ల సెట్టింగులో కొత్త చోటు చెప్పడం మాత్రం మీ వంతు. షాట్‌వెల్‌లో లైబ్రరీ ఫోల్డర్ మార్చినంత మాత్రాన పాత ఫొటోలు అటు వెళ్లవు, ఇకపై దింపేవి మాత్రమే అక్కడికి చేరతాయి. చాలామంది ఇక్కడే పొరబడతారు. ఆపిల్ ఫొటోస్‌లో లైబ్రరీ మొత్తం ఒకే ఫైలులా కనిపిస్తుంది కానీ అది ఒక మూట, లోపల వేల ఫైళ్లుంటాయి. దాన్ని విప్పి లోపల చేయి పెట్టకూడదు. ఫొటోస్‌ను మూసేసి, మూటను మూటగానే కొత్త డిస్కుకి కాపీ చేసి, ఆప్షన్ కీ నొక్కిపట్టి ఫొటోస్ తెరిస్తే ఏ లైబ్రరీ కావాలో అడుగుతుంది. ఐక్లౌడ్ వాడుతుంటే ఆ కొత్తదాన్నే సిస్టమ్ ఫొటో లైబ్రరీగా పెట్టాలి. బయటి డిస్కు ఏపీఎఫ్ఎస్ లేదా మాక్ ఓఎస్ ఎక్స్‌టెండెడ్ పద్ధతిలో ఫార్మాట్ అయి ఉండాలి, విండోస్‌కీ మాక్‌కీ కలిపి వాడుకునే ఎక్స్‌ఫ్యాట్ డిస్కు దీనికి కుదరదు.

డేటాబేసులో చిక్కుకుని ఉన్న సమాచారాన్ని వీలైనంతవరకు ఫొటో దగ్గరికే చేర్చి పెట్టుకోవడం మంచి అలవాటు. అడోబీ 2001లో తెచ్చిన ఎక్స్‌ఎంపీ అనే పద్ధతి అందుకే ఉంది. జేపెగ్ అయితే ఫైలు లోపలే, రా ఫైలు (కెమెరా సెన్సార్ డేటాను ఉన్నదున్నట్టు దాచింది) అయితే పక్కన అదే పేరుతో ఒక చిన్న ఫైలుగా స్టార్లు, కీవర్డ్‌లు, వివరణలు రాసి పెడుతుంది. అయితే లైట్‌రూమ్‌లోని కలెక్షన్లు (ఆల్బమ్‌లు), వర్చువల్ కాపీలు (ఒకే ఫొటోకి వేరే దిద్దుబాట్లతో పెట్టుకున్న నమోదులు) ఇందులోకి రావు, వాటికి క్యాటలాగే దిక్కు. ఇంకో సంగతి: ఈ రాయించే పని కాపీకి ముందే చేయాలి. కాపీ చేసి, ఆ తర్వాత ఒక వైపు మాత్రమే రాయిస్తే రెండు వైపుల ఫైళ్లూ ఒకేలా ఉండవు, మళ్లీ సరిచూసే దారి మూసుకుపోతుంది.

ఆ చిన్న చిన్న తోడు ఫైళ్లను ఎవరూ పట్టించుకోరు. ఐఫోన్‌లో దిద్దిన ఫొటోలను కంప్యూటర్‌లోకి దింపితే పక్కనే ఏఏఈ అనే ఫైళ్లు వస్తాయి, దిద్దుబాటు వివరాలు వాటిలో ఉంటాయి. లైవ్ ఫొటో అయితే ఒక బొమ్మ, ఒక చిన్న వీడియో జంటగా ఉంటాయి. గూగుల్ 2016లో ఆపేసిన పికాసా వాడినవారి ఫోల్డర్లలో కనబడకుండా దాగిన చిన్న ఫైళ్లుంటాయి, అప్పట్లో చేసిన మార్పులు వాటిలోనే. "నాకు జేపెగ్‌లు చాలు" అని వాటిని మాత్రమే ఎంచి కాపీ చేస్తే ఇవన్నీ వెనకే ఉండిపోతాయి. ఫోల్డర్‌ని ఫోల్డర్‌గా, దాగినవాటితో సహా తీసుకెళ్లాలి. ఏది అవసరం, ఏది చెత్త అన్న తీర్పు ఆ రోజు వద్దు.

పేర్ల సంగతీ అంతే. కెమెరాలు పాటించే డీసీఎఫ్ ప్రమాణం ప్రకారం ఫైలు పేరులో అంకెలు నాలుగే, 0001 నుంచి 9999 వరకు. ఆ తర్వాత మళ్లీ మొదటికి వస్తాయి. పదేళ్ల లైబ్రరీలో ఐఎంజీ 0001 అనే పేరుతో చాలా ఫొటోలుంటాయి, వేరు వేరు ఫోల్డర్లలో ఉన్నాయి కాబట్టి వాటికి గొడవ లేదు. అన్నిటినీ ఒకే ఫోల్డర్‌లో పోస్తే ఒకదాని మీద ఒకటి పడతాయి. "రీప్లేస్ చేయమంటారా" అని అడిగిన చోట అలసటతో ఒక్కసారి అవునన్నా అక్కడున్న ఫొటో పోతుంది. పేరు చివర బ్రాకెట్లో ఒకటి చేర్చి రెండూ ఉంచమన్నా, పక్కన ఉన్న ఎక్స్‌ఎంపీ ఏ ఫొటోకి చెందినదో తేల్చుకోలేని పరిస్థితి వస్తుంది.

తేదీల గురించి రెండు ముక్కలు. ఫొటో తీసిన సమయం కెమెరా రాసే ఎక్సిఫ్ సమాచారంలో, ఫైలు లోపల ఉంటుంది. 1995 నుంచి వస్తున్న పద్ధతి ఇది, కాపీ చేస్తే దానికేమీ కాదు. కానీ ఫైలుకు బయట ఉండే తేదీలు అలా కావు. విండోస్‌లో మామూలుగా కాపీ చేస్తే "సృష్టించిన తేదీ" ఈ రోజుదిగా మారిపోతుంది. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా వచ్చినవాటికి ఎక్సిఫ్ ఊడిపోయి ఉంటుంది, వాటి తేదీకి మిగిలిన ఆధారాలు ఫైలు పేరులో ఉన్న అంకెలు, బయటి తేదీ. పేర్లు మార్చొద్దు అనడానికి ఇంకో కారణం దొరికిందన్నమాట.

ఇక అసలు కాపీ. ముందు ఫొటో ప్రోగ్రామ్‌ని పూర్తిగా మూసేయండి, తెరిచి ఉన్న డేటాబేసును కాపీ చేస్తే సగం రాసిన స్థితి కొత్త చోటికి చేరవచ్చు. క్లౌడ్ సింక్ (ఫైళ్లను ఇంటర్నెట్‌లోని సర్వర్‌తో ఎప్పటికప్పుడు ఒకేలా ఉంచే ఏర్పాటు) ఆపండి. లైబ్రరీ ఇప్పుడు క్లౌడ్ సింక్ ఫోల్డర్‌లోనే ఉంటే ఇంకా జాగ్రత్త, అక్కడ కనిపించే ఫైళ్లలో కొన్ని పేరుకు మాత్రమే ఉండి, అసలు డేటా సర్వర్‌లో ఉండవచ్చు. అన్నిటినీ ముందు ఈ కంప్యూటర్‌లోకి దింపించుకోవాలి. అలాంటి ఫోల్డర్‌లోంచి కట్ చేసి బయటికి తీస్తే, సింక్ దాన్ని డిలీట్ చేసినట్టుగా అర్థం చేసుకుని మీ మిగతా పరికరాల్లోనూ తీసేస్తుంది. కొత్త డిస్కు ఫార్మాట్ చూడండి, ఫ్యాట్32 అనే పాత పద్ధతి అయితే 4 జీబీకి చేరిన ఫైలును తీసుకోదు, పొడవాటి వీడియోలు అక్కడే ఆగిపోతాయి. విండోస్‌లో చాలా ప్రోగ్రామ్‌లకు దారి (డిస్కు పేరు నుంచి ఫైలు పేరు దాకా) మొత్తం కలిపి 260 అక్షరాలు దాటకూడదన్న పాత పరిమితి ఇంకా ఉంది. ఫోల్డర్ లోపల ఫోల్డర్ లోపల ఫోల్డర్‌గా కొత్త చోటు పెడితే నిన్నటిదాకా తెరుచుకున్న ఫైలు ఇవాళ మొరాయిస్తుంది.

మౌస్‌తో లాగడం కన్నా విండోస్‌లో రోబోకాపీ, లినక్స్‌లోనూ మాక్‌లోనూ ఆర్‌సింక్ అనే కాపీ ఆదేశాలు వాడటం నాకిష్టం. మధ్యలో ఆగితే మళ్లీ నడపండి, అయిపోయినవాటిని వదిలి మిగతావి చేసుకుపోతాయి. ఏం చేయబోతున్నాయో చేయకుండానే చూపించే ఎంపిక రెండింటిలోనూ ఉంది, అది చూడకుండా ఎప్పుడూ అసలు పని మొదలుపెట్టొద్దు. ఆర్‌సింక్‌లో మూల ఫోల్డర్ పేరు చివర స్లాష్ ఉంటే లోపలివి మాత్రమే వెళ్తాయి, లేకపోతే ఫోల్డర్‌తో సహా వెళ్తుంది. రోబోకాపీలో మిర్రర్ అనే ఎంపిక ఉంది, మూలంలో లేనిదాన్ని గమ్యంలో చెరిపేస్తుంది. మూలాన్నీ గమ్యాన్నీ పొరపాటున తారుమారు చేసి అది నడిపారా, ఖాళీ ఫోల్డర్ వచ్చి మీ లైబ్రరీని తనలా ఖాళీ చేస్తుంది. ఈ పనికి మిర్రర్ అవసరమే లేదు.

కాపీ అయ్యాక సరిచూడటం. ఫైళ్ల సంఖ్య, మొత్తం బైట్లు రెండు వైపులా కలవాలి. "డిస్కు మీద పరిమాణం" అని పక్కన కనిపించే అంకె కలవకపోతే కంగారు పడొద్దు, డిస్కు ఫార్మాట్‌ని బట్టి అది మారుతుంది. సంఖ్య, పరిమాణం కలిసినా లోపలి డేటా కలిసిందని హామీ లేదు. దానికి హ్యాష్ కావాలి. ఎస్‌హెచ్ఏ-256 అనే లెక్క ఎంత పెద్ద ఫైలునైనా 64 అక్షరాల గుర్తుగా మారుస్తుంది, ఒక్క బిట్ మారినా గుర్తు మొత్తం మారిపోతుంది. ఇంత చేయడం కష్టమనిపిస్తే ఆర్‌సింక్‌నే చెక్‌సమ్ (లోపలి డేటానే పోల్చే) ఎంపికతో, చేయకుండా చూపించే పద్ధతిలో మళ్లీ నడపండి. తేడా ఉన్న ఫైలు ఒక్కటీ చూపించకపోతే రెండూ ఒకటే. అంతకు ముందు ఒక చిన్న పని: డిస్కును సరిగ్గా ఎజెక్ట్ చేసి, తీసి, మళ్లీ పెట్టండి. ఇప్పుడే రాసిన డేటా కంప్యూటర్ మెమరీలో ఇంకా మిగిలి ఉండి, డిస్కును చదువుతున్నామనుకుంటూ మెమరీనే చదివే అవకాశం ఉంది.

ఇక్కడ తెలుగువాళ్లకు ప్రత్యేకంగా చెప్పాల్సింది ఒకటుంది. ఫోల్డర్లకు తెలుగులో పేర్లు పెట్టుకున్నవారికి యూనికోడ్ (కంప్యూటర్‌లో అన్ని భాషల అక్షరాలకూ సంకేతాలిచ్చే పద్ధతి) ఒక చిక్కు తెచ్చిపెట్టవచ్చు. ఐత్వాన్ని యూనికోడ్‌లో రెండు రకాలుగా రాయవచ్చు, ఒకే గుర్తుగానో, ఎత్వం, దాని కింద ఐత్వపు పొడవు గుర్తు అని రెండుగానో. తెర మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి. మాక్ పాత ఫైల్ సిస్టమ్ అయిన హెచ్ఎఫ్ఎస్ ప్లస్ పేర్లను విడగొట్టిన రూపంలో దాచేది. అక్కడి నుంచి లినక్స్ డిస్కుకి వెళ్తే, "మైసూరు" అనే ఫోల్డర్ వెతికిన డేటాబేసుకు అది దొరకకపోవచ్చు, లేదా ఒకే పేరుతో రెండు ఫోల్డర్లు కనిపించవచ్చు. ఇది తెలిసి ఉంటే గంటల తరబడి తల బద్దలుకొట్టుకోనక్కర్లేదు. దీనికోసం తెలుగు పేర్లు మానుకోవాలని మాత్రం నేను అనను. మన ఫొటోలకు మన భాషలో పేర్లుండాలి.

ఇంత అవసరమా, అన్నీ క్లౌడ్‌లో ఉన్నాయి కదా అనేవారుంటారు. సింక్ అంటే అద్దం, ఇక్కడ చెరిపింది అక్కడా చెరుగుతుంది. గూగుల్ ఫొటోస్‌లో స్థలం ఆదా చేసే ఎంపిక పెట్టుకుని ఉంటే 16 మెగాపిక్సెళ్లకు మించిన ఫొటోలు చిన్నవై అక్కడికి చేరతాయి, అది మీ మూల ఫైలు కాదు. సమయం పడుతుందన్నది ఇంకో అభ్యంతరం. 500 జీబీ పాత యూఎస్‌బీ 2.0 కేబుల్ మీద వెళ్లడానికి నాలుగు గంటలకు అటూ ఇటూగా పడుతుంది, నిజమే. అది యంత్రం పడే శ్రమ. రాత్రి పెట్టి పడుకోవచ్చు.

సరిచూశాక పాత ఫోల్డర్‌ని చెరపొద్దు, దాని పేరు మార్చండి. ఇది నేను అందరికీ పట్టుబట్టి చెప్పే మాట. పేరు మారాక ప్రోగ్రామ్ తెరిస్తే, కొత్త చోటు సరిగ్గా తగిలి ఉంటే అంతా మామూలుగా కనిపిస్తుంది. తగలకపోతే వెంటనే ప్రశ్నార్థకాలు వస్తాయి. పేరు మార్చకపోతే ప్రోగ్రామ్ పాత ఫోల్డర్ నుంచే చదువుతూ ఉండవచ్చు, అంతా బాగుందని మీరనుకుంటారు, పాతది చెరిపిన రోజున గాని అసలు విషయం బయటపడదు. తెరిచాక పాత ఫొటోలు కొన్ని, కొత్తవి కొన్ని, వీడియోలు, దిద్దినవి పెద్దవి చేసి చూడండి. చిన్న బొమ్మలను నమ్మొద్దు, అవి ప్రోగ్రామ్ తన దగ్గర దాచుకున్నవి, అసలు ఫైలు లేకపోయినా కనిపిస్తాయి.

చివరిగా బ్యాకప్, నన్నడిగితే ఎక్కువమంది మరిచేది ఇదే. మీ బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌కి తెలిసింది పాత ఫోల్డర్. కొత్త ఫోల్డర్‌ని దానికి చెప్పేదాకా మీ లైబ్రరీకి బ్యాకప్ లేనట్టే. అంతకన్నా భయంకరమైనది ఇంకొకటి. బ్యాకప్ మిర్రర్ పద్ధతిలో రోజూ రాత్రి తనంతట తాను నడిచేదైతే, ఖాళీ అయిన పాత చోటును చూసి ఇవన్నీ తీసేశారనుకుని బ్యాకప్‌లోనూ చెరిపేస్తుంది. కాబట్టి తరలింపు మొదలుపెట్టే ముందే ఆ షెడ్యూల్ ఆపాలి, బ్యాకప్ డిస్కు తీసి పక్కన పెట్టాలి. అంతా అయ్యాక కొత్త ఫోల్డర్‌తో మొదటి బ్యాకప్ పూర్తిగా నడవనివ్వాలి. చాలా సాఫ్ట్‌వేర్లు వీటిని కొత్త ఫైళ్లుగానే చూస్తాయి కాబట్టి చోటు మళ్లీ అంతా పడుతుంది, ముందే లెక్క చూసుకోండి. ఆ బ్యాకప్‌లోంచి ఒక ఫోల్డర్‌ని వేరే చోటికి రిస్టోర్ చేసి, తెరిచి, ఫొటోలు నిజంగా వచ్చాయని చూసుకున్నాక పాతది చెరపండి. డూప్లికేట్ల పని పెట్టుకోవాలనుకుంటే ఇప్పుడు పెట్టుకోండి, ప్రోగ్రామ్ లోపలి నుంచే.